తీగలేని మాట

ఆపద వచ్చినపుడు మనుష్యునకు మొట్టమొదట కావలసినది మాట. నీరు ముంచుకొని వచ్చుచున్నను, ఇల్లు అంటుకొనినను, దారిలో ఒకడు గాయపడి పడియున్నను, సాయము చేయగలవాని చెవికి ఆ సంగతి చేరినగాని సాయము కదలదు. బలము, ధైర్యము, పరికరములు ఎన్ని యున్నను, వార్త అందనిచో అవి యన్నియు ఉన్నచోటనే యుండిపోవును. కావుననే పూర్వకాలము నుండియు వార్తను వేగముగా చేరవేయు ఉపాయములను మానవుడు వెదకుచు వచ్చెను.

హైదరాబాదు నగరమునకు పడమట గోలకొండ కోట కలదు. ఆ కోటలో ఫతే దర్వాజా కడ నిలిచి చప్పట్లు చరచినచో, ఆ చప్పుడు సుమారు ఒక కిలోమీటరు దూరమున కొండ కొమ్మునగల బాలా హిస్సారులో వినబడును. ద్వారము కడకు వచ్చినవారి సంగతిని పైనున్నవారికి తెలుపుటకే ఈ యేర్పాటు చేసిరని చెప్పుదురు. నగరము నడుమనున్న నౌబత్ పహాడు మీద నగారాలు మ్రోగించి ప్రభువుల ఫర్మానాలను చాటెడివారట. పల్లెలలో దండోరా వేయుట మన తాతల కాలములో అందరికిని తెలిసినదే.

అయితే ఈ సాధనములన్నిటికిని ఒక లోపము కలదు. చప్పట్లు ఒక్క సంగతినే చెప్పగలవు. “ఎందరు వచ్చిరి? ఏమి కోరుచున్నారు?” అని కొండ మీదివాడు మరల అడుగజాలడు. నగారా చాటును గాని వినదు. తీగ లేకయే దూరమున నున్నవానితో చెప్పుటయు, వాని మాట వినుటయు, రెండును చేయగల సాధనము ఇరువదవ శతాబ్దములో గాని మానవునకు చిక్కలేదు. అదియే ఇరువైపుల మాటలాడు రేడియో. జనులు దానిని వైర్‌లెస్ సెట్టనియు, వాకీటాకీ యనియు పిలుతురు.

గోలకొండకు ఉత్తరమునను వాయవ్యమునను కొలది మైళ్ళ దూరములో మాదాపురము, రాయదుర్గము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అను ప్రదేశములు గలవు. ఒకప్పుడు ఇవి రాతి గుట్టలును, చెరువులును, చిన్న పల్లెలును గల నేలలు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి మాదాపురములో సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. అది మొదలు ఆ ప్రాంతము హైటెక్ సిటీ యను పేర పెరిగి, అద్దపు గోడల మేడలతో నిండిపోయెను. 2003లో సైబరాబాదు పోలీసు కమిషనరేటు ఏర్పడెను. 2016లో దాని తూర్పు భాగమును రాచకొండ యను పేర వేరుచేసిరి. పగటివేళ లక్షల కొలది జనులు ఇచటి మేడలలో పనిచేయుదురు. సాయంకాలము వారందరును ఇంచుమించు ఒక్కమారుగా ఇండ్లకు మరలుదురు. అట్టి వేళ వాన కురిసినచో రహదారులు ఏరులగును. బండ్లు బారులు తీరి నిలిచిపోవును.

ఆ దారులలో కూడలియందు నిలిచిన రక్షకభటుని చూడుడు. అతని భుజమున గాని, నడుమున గాని ఒక చిన్న నల్లని పెట్టె గరగరలాడుచుండును. ప్రపంచపు నలుమూలల వారికి కంప్యూటరు పనులు చేసిపెట్టు ఈ నగరములో, ప్రతివాని జేబులోను సెల్‌ఫోను ఉండగా, రక్షకభటుడు ఆ పెట్టెను ఏల విడువడు? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనిన యెడల ఆ పరికరము యొక్క మర్మము తెలిసినట్లే.

రేడియో తరంగములు కంటికి కానరావు, చెవికి వినరావు. అవి వెలుతురు జాతికి చెందినవి. వెలుతురు వలెనే సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగముతో పోవును. ఇట్టి తరంగములు కలవని జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెర్ట్‌జ్ 1887, 1888 సంవత్సరములలో ప్రయోగములు చేసి నిరూపించెను. 1895లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడగు జగదీశచంద్ర బోసు ఆ తరంగములను గోడల గుండ పంపి, అవతల గదిలోని గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపెను. 1901వ సంవత్సరము డిసెంబరులో మార్కోని అట్లాంటిక్ మహాసముద్రమును దాటించి తీగలేని సంకేతమును అందుకొనెను.

తరంగము సెకనుకు ఎన్ని మార్లు ఊగునో ఆ సంఖ్యకు పౌనఃపున్యమని పేరు. సెకనుకు పది లక్షల ఊపులైనచో ఒక మెగాహెర్ట్‌జ్ అందురు. రక్షకభటుల సెట్లు పెక్కు 136 మొదలు 174 మెగాహెర్ట్‌జ్ వరకు గల పౌనఃపున్యములపై పనిచేయును. 150 మెగాహెర్ట్‌జ్ తరంగము పొడవు రెండు మీటర్లు. ఆ పొడవులో నాలుగవ వంతు, అనగా అర మీటరు తీగయున్నచో అది తరంగమును చక్కగా పంపగలదు, అందుకొనగలదు. ఆ తీగకే యాంటెన్నా యని పేరు. పోలీసు బండి కప్పుపై నిలువుగా కనబడు కడ్డీ ఇదియే. చేతి సెట్టునకు అంత పొడవు తీగ అడ్డమగును గనుక, దానిని చుట్టలుగా చుట్టి రబ్బరు తొడుగులో నుంచి పొట్టిగా చేయుదురు. ఆ పొట్టితనము వలన శక్తి కొంత తగ్గినను, మోయుటకు అనుకూలము.

ఇక సెట్టు లోపలి పని. దానిలో రెండు భాగములు గలవు. ఒకటి పంపునది, దానిని ప్రసారిణి యందురు. రెండవది అందుకొనునది, దానిని గ్రాహకమందురు. మన నోటి మాట గాలిలో కదలిక. మైకు ఆ కదలికను విద్యుత్తుగా మార్చును. మూటను బండి మీదికి ఎత్తినట్లు, ప్రసారిణి ఆ విద్యుత్తును రేడియో తరంగముపై ఎక్కించి యాంటెన్నా ద్వారా పంపును. అవతలి గ్రాహకము బండిని వదలి మూటను మాత్రము దించుకొనును. పిదప స్పీకరు దానిని మరల మాటగా వినిపించును.

సెట్టు ప్రక్కన ఒక మీట యుండును. దానిని నొక్కిపట్టినంతసేపు సెట్టు పలుకును, విడిచినంతనే వినును. పలుకుచు వినుట దానికి చేతగాదు. దీనికి కారణము సులభముగా ఊహింపవచ్చును. దూరము నుండి వచ్చు తరంగము మిక్కిలి బలహీనమైనది. తన చేతిలోని ప్రసారిణి ప్రక్కనే హోరెత్తుచుండగా ఆ బలహీనమైన మాట వినబడదు; తిరునాళ్ళ డప్పు ప్రక్కన నిలిచి దూరపు వేణువును వినగోరినట్లగును. ఒకే మార్గములో ఇద్దరు ఒక్కమారు మీట నొక్కిన యెడల, బలమైన మాట బలహీనమైన మాటను మ్రింగివేయును. లేదా రెండును కలిసి గీయను చప్పుడుగా మారి ఎవరికిని ఏమియు తెలియకపోవును. ఈ చిన్న విషయమును విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు చెప్పబోవు సంగతులన్నిటికిని ఇదియే మూలము.

టెలిఫోను ఇద్దరి నడుమ సంభాషణ. ఒకనికి చెప్పిన పిదప మరియొకనికి చెప్పవలెనన్న మరల సంఖ్య నొక్కవలెను, గంట మ్రోగవలెను, అతడు ఎత్తవలెను. పదిమందికి చెప్పుటకు పదిమార్లు చెప్పవలెను. రేడియో అట్లు కాదు. మీట నొక్కిన క్షణమే ఆ మార్గములోనున్న సెట్లన్నిటిలోను మాట వినబడును. పిలువబడినవాడే గాక, పిలువబడనివాడును వినును. ఈ రెండవ సంగతియే రక్షణ పనులలో ప్రాణములను నిలుపునది.

ఈ ఉపాయము మొదట ఒకవైపే నడచినది. 1928లో అమెరికాలోని డెట్రాయిట్ నగర పోలీసువారు తమ కార్లలో రేడియో గ్రాహకములను అమర్చిరి. ఠాణా పలుకును, కారు వినును, అంతియే. కారులోని భటుడు బదులు చెప్పవలెనన్నచో దిగి టెలిఫోనును వెదకుకొనవలసి యుండెను. 1933లో న్యూజెర్సీ రాష్ట్రములోని బేయోన్ పట్టణపు పోలీసు కార్లలో ప్రసారిణిని గూడ చేర్చుటతో కారు బదులు పలుకుట నేర్చినది. 1940 ప్రాంతమున చేతపట్టుకొని నడువదగిన సెట్లు సైనికుల కొరకు తయారై, యుద్ధానంతరము రక్షకభటుల చేతికిని వచ్చెను.

చేతి సెట్టు మాట ఎంత దూరము పోవును? ఈ తరంగములు ఇంచుమించు తిన్నగా పోవును. భూమి గుండ్రముగా నుండుట వలన కొంత దూరమున అవి నేలను విడిచి ఆకాశము వైపు సాగిపోవును. దీనికి ఒక సులభమైన లెక్క కలదు. యాంటెన్నా నేలకు ఎన్ని మీటర్ల ఎత్తున నున్నదో ఆ సంఖ్యకు వర్గమూలము కట్టి, 4.12 చేత గుణించినచో, ఎన్ని కిలోమీటర్ల వరకు దాని చూపు సాగునో తెలియును. మనుష్యుని చేతిలో ఒకటిన్నర మీటరు ఎత్తున నున్న సెట్టునకు ఐదు కిలోమీటర్లు. అట్టి వారిద్దరి నడుమ పది కిలోమీటర్లు. ఇది చదునైన బయలులో మాట. నగరములో మేడలును, గుట్టలును అడ్డమగుటచే ఒకటి రెండు కిలోమీటర్లలోనే మాట సన్నగిల్లిపోవచ్చును. సాధారణముగా చేతి సెట్టు బలము ఐదు వాట్లు, బండిలోని సెట్టు బలము ఇరువదియైదు వాట్లు. బలము పెంచినంత మాత్రమున కొండ ప్రక్కకు తొలగదు.

ఈ చిక్కునకు విరుగుడు ఎత్తు. కొండ మీదనో, ఎత్తైన భవనము మీదనో ఒక యంత్రమును నిలుపుదురు. దానికి రిపీటరని పేరు. అది ఒక పౌనఃపున్యముపై బలహీనమైన మాటను అందుకొని, అదే క్షణమున మరియొక పౌనఃపున్యముపై బలముగా తిరిగి పలుకును. యాంటెన్నా నూరు మీటర్ల ఎత్తున నున్నచో, పై లెక్క ప్రకారము దాని చూపు నలువదియొక్క కిలోమీటర్లు సాగును. క్రింది మనుష్యుని ఐదు కిలోమీటర్లు చేర్చినచో నలువదియారు. ఇట్లు గుట్టకు ఈవలనున్న భటుడును ఆవలనున్న భటుడును, ఒకరి నొకరు చూడలేకున్నను, కొండ మీది మధ్యవర్తి వలన మాటలాడుకొనగలరు. వార్త పంపువారు ఎత్తైన చోటును కోరుట గోలకొండ నాడెట్లో నేడును అట్లే.

హైటెక్ సిటీవంటి చోట మరియొక కష్టము కలదు. ఆ మేడల అద్దములకు వేడిని ఆపుటకై సన్నని లోహపు పూత పూయుదురు. ఆ పూత రేడియో తరంగములను గూడ చాలవరకు ఆపును. నేల క్రింద రెండు మూడు అంతస్తుల లోతున బండ్లు నిలుపు చోటులు గలవు. అచటికి పై నుండి మాట చేరుట మిక్కిలి కష్టము. అట్టి భవనములలో చిన్న రిపీటర్లను అమర్చుదురు. లేదా పొడవునను సన్నని చీలికలు గల కేబులును గోడల వెంట పరచుదురు. నీరు కారు గొట్టము దారి పొడవునను తడిపినట్లు, ఆ కేబులు తన వెంట నంతటను తరంగములను చిమ్ముచు పోవును. మంటలు లేచిన మేడలోనికి దూరు అగ్నిమాపక దళము వారికి, క్రింది అధికారి మాట వినబడునా లేదా యనునది ప్రాణముతో ముడిపడిన సంగతి.

నగరములో రక్షకభటులు వేలమంది. అందరును ఒకే మార్గములో మాటలాడినచో సంతయగును. కావున పని ననుసరించి మార్గములను విభజింతురు: శాంతిభద్రతలకు ఒకటి, రాకపోకల నియంత్రణకు ఒకటి, ఇట్లు. అయినను ఒక మార్గములో రద్దీ, మరియొక మార్గములో నిశ్శబ్దము ఉండవచ్చును. దీనిని సరిదిద్దుటకు ట్రంకింగ్ అను పద్ధతి వచ్చినది. రైల్వే స్టేషనులో ఐదు టికెట్టు కిటికీలున్నవి. ప్రతి కిటికీకి వేరు వరుస ఉన్నచో ఒక వరుస కదలును, ఒకటి నిలిచిపోవును. అందరును ఒకే వరుసలో నిలిచి, ఏ కిటికీ ఖాళీయైన దానికి ముందున్నవాడు పోయినచో ఎవరికిని ఆలస్యముండదు. ట్రంకింగులో ఒక కంప్యూటరు ఇట్లే, మీట నొక్కిన ప్రతివానికిని ఖాళీగానున్న మార్గమును క్షణములో చూపించును. అతని బృందములోని వారి సెట్లను గూడ ఆ మార్గమునకే త్రిప్పును. అంతేగాక నేటి కొత్త సెట్లు మాటను అంకెలుగా మార్చి పంపును. ఐరోపాలో పుట్టిన టెట్రా యను పద్ధతిలో కాలమును ముక్కలుగా కోసి, ఒకే మార్గములో నలుగురు వంతులవారీగా పలుకునట్లు చేయుదురు. ఆ వంతులు ఎంత చిన్నవనగా వినువారికి మాట తెగినట్లే తోచదు. అంకెలుగా మారిన మాటను రహస్య లిపిలోనికి మార్చుటయు సులభము. దొంగలు వినుటకు వీలుపడదు.

ఇపుడు మొదటి ప్రశ్నకు వత్తము. సెల్‌ఫోను ఏల చాలదు? సెల్‌ఫోను స్తంభము ఒక్కమారుగా ఇంతమందికే మాట కలుపగలదను హద్దు కలదు. వాన ముంచెత్తినపుడు, ప్రమాదము జరిగినపుడు ప్రతివాడును ఇంటికి ఫోను చేయును. ఆ రద్దీలో రక్షకభటుని పిలుపును చిక్కుకొనవచ్చును. కరెంటు పోయి, స్తంభము కడనున్న బ్యాటరీ అయిపోయినచో ఆ ప్రాంతములో ఫోన్లన్నియు మూగవగును. 2020వ సంవత్సరము అక్టోబరు నెలలో హైదరాబాదులో కుంభవృష్టి కురిసి కాలనీలు నీట మునిగినపుడు, చీకటిలో, నీటిలో, కరెంటు లేని వీథులలో రక్షణ పనులు చేయవలసి వచ్చెను. అట్టి వేళల కొరకే పోలీసు రేడియోకు వేరు మార్గములు, వేరు యంత్రములు, వేరు బ్యాటరీలు ఉంచుదురు. రిపీటరు సయితము కూలినను, దగ్గరనున్న రెండు సెట్లు మధ్యవర్తి లేకయే నేరుగా మాటలాడుకొనగలవు.

పరికరము ఎంత మంచిదైనను, దానిని వాడుటలో క్రమశిక్షణ లేనిచో నిష్ప్రయోజనము. మార్గము అందరిది, ఒక్కడు పలుకునపుడు అందరును ఊరకుండవలెను. అందుచే రేడియోలో మాటకు ఒక మర్యాద ఏర్పడినది. మీట నొక్కుటకు ముందు, వేరొకరు మాటలాడుచున్నారేమో యని వినవలెను. మొదట ఎవరిని పిలుచుచున్నారో, పిదప పిలుచువారెవరో చెప్పవలెను. చెప్పదలచినది ముందే మనస్సులో కూర్చుకొని, కొలది మాటలలో ముగింపవలెను. ముగించి అవతలివాని బదులు కోరునపుడు “ఓవర్” అనవలెను. ముఖ్యమైన సంగతిని విన్నవాడు మరల చెప్పి రూఢి చేసికొనవలెను. వానకాలపు సాయంకాలమున జరుగగల ఒక సంభాషణను ఊహింతము.

“కంట్రోల్, గచ్చిబౌలి మొబైల్. ఓవర్.”

“గచ్చిబౌలి మొబైల్, కంట్రోల్. చెప్పండి. ఓవర్.”

“వంతెన కింద నడుము లోతు నీళ్ళు. ఆటో చిక్కుకుంది. లోపల ముగ్గురు. ఒకామె గర్భిణి. తాడు, అంబులెన్సు కావాలి. ఓవర్.”

“వంతెన కింద ఆటో, ముగ్గురు, ఒకామె గర్భిణి. తాడు, అంబులెన్సు. సరేనా? ఓవర్.”

“సరే సార్. ఓవర్.”

“కంట్రోల్, రాయదుర్గం మొబైల్. మేము విన్నాం. తాడు మా బండిలో ఉంది. బయలుదేరాం. ఓవర్.”

ఈ సంభాషణలో గమనింపదగినది చివరి పలుకు. రాయదుర్గము బండిని ఎవరును పిలువలేదు. అయినను దానిలోని భటుడు విను చెవితో నుండెను. తనకు సంబంధింపని మాటను గూడ శ్రద్ధగా విని, తన బండిలో తాడున్నదని జ్ఞప్తికి తెచ్చుకొనెను. టెలిఫోనులో ఇది జరుగదు. అతడు ఆ సమయమున తన మిత్రునితో ఊసులాడుచు మార్గమును ఆక్రమించుకొని యున్నచో, ఆటోలోని వారి పిలుపు కంట్రోల్ రూమునకే చేరక పోయెడిది.

అక్షరములు పలుకుటలోను ఒక నియమము కలదు. బండి సంఖ్యలోని బి, డి, పి, టి అను ఇంగ్లీషు అక్షరములు గరగరలో ఒక్కటిగనే వినబడును. అందుచే బ్రావో, డెల్టా, పాపా, టాంగో అని ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క పదము పలుకుదురు. ఈ పదముల పట్టిక 1956లో విమానముల వారికై స్థిరపడి, ప్రపంచమంతటను వ్యాపించెను.

వినుట తప్పినచో ఏమగునో చరిత్ర చెప్పును. 1912 ఏప్రిలు 14వ తేదీ రాత్రి అట్లాంటిక్ సముద్రములో టైటానిక్ అను మహానౌక మంచుకొండకు తగిలెను. దానికి దగ్గరలో కాలిఫోర్నియన్ అను మరియొక ఓడ మంచు నడుమ ఆగియుండెను. ఆ సాయంకాలము కాలిఫోర్నియన్ వైర్‌లెస్ ఉద్యోగి మంచును గూర్చి హెచ్చరింపబోగా, ప్రయాణికుల సొంత తంతివార్తలను పంపుటలో మునిగియున్న టైటానిక్ ఉద్యోగి ఊరకుండుమని అతనిని కసరెను. కొంతసేపటికి ఆ రెండవ ఓడ ఉద్యోగి తన యంత్రమును ఆపి నిద్రించెను. ఆ ఓడలో వినువాడు మరియొకడు లేడు. ఇంచుమించు పది నిమిషములలో ప్రమాదము జరిగెను. టైటానిక్ మొరను దగ్గరి ఓడ వినలేదు. ఎంతో దూరముననున్న కార్పేథియా యను ఓడ విని వచ్చి సుమారు ఏడు వందల మందిని రక్షించెను. పదునైదు వందలకు పైగా జనులు మరణించిరి. 1914లో లండనులో పెక్కు దేశములవారు కూడి, పెద్ద ఓడలలో రేయింబవళ్ళు వైర్‌లెస్ వినుచుండవలెనని కట్టడి చేసిరి.

మరియొక గుణపాఠము 2001 సెప్టెంబరు 11న న్యూయార్కు నగరములో కలిగెను. విమానములు గ్రుద్దుకొనగా రెండు మహాసౌధములు మండుచుండెను. దక్షిణపు సౌధము కూలిన పిమ్మట, ఉత్తరపు సౌధమును గూడ కూలబోవుచున్నదని ఆకాశములోని పోలీసు హెలికాప్టరు తన రేడియోలో హెచ్చరించెను. అగ్నిమాపక దళము వారి రేడియో వేరు మార్గము. ఆ హెచ్చరిక వారికి వినబడలేదు. వెలుపలికి రండని తమ అధికారులిచ్చిన ఆజ్ఞయు లోపలనున్న అనేకులకు చేరలేదు. ఆ దినమున 343 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణములు కోల్పోయిరి. ఒకే ఆపదలో పనిచేయు రెండు దళములు ఒకరి మాట ఒకరు వినలేకపోయినచో, ఇరువురి ధైర్యమును వ్యర్థము కావచ్చునని లోకము ఆనాడు గ్రహించెను.

మన నగరములోను ఈ గ్రహింపు ఫలించినది. 2005లో హైదరాబాదులో 108 సంఖ్యతో అంబులెన్సు సేవ మొదలయ్యెను. ఆపదవేళ పోలీసు, అగ్నిమాపక, వైద్య సహాయములన్నిటికిని దేశమంతటను 112 అను ఒకే సంఖ్య ఏర్పడెను. 2022 ఆగస్టు 4వ తేదీన బంజారాహిల్స్‌లో సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రము ప్రారంభింపబడెను. వేరువేరు శాఖల వారు ఒకే చోట కూర్చుండి, నగరపు కెమెరాలను చూచుచు, ఒకరి మాట ఒకరు వినుచు పనిచేయవలెననుట దాని ఉద్దేశము. కంప్యూటర్లు, కెమెరాలు ఎన్ని వచ్చినను, చివరకు నీటిలోనికి దిగు భటుని చెవికి చేరునది మాత్రము ఆ నల్లని పెట్టెలోని మాటయే.

ఇన్ని యేర్పాట్లును ఒక్కమారు కూలినచో? అట్టి సందర్భము 2004లో వచ్చినది. హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ కలదు. జీతము కొరకు గాక, ఆసక్తి చేత రేడియో నడుపువారిని హామ్‌లందురు. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున శ్రీమతి భారతీప్రసాద్ నాయకత్వమున ఒక చిన్న బృందము అండమాను దీవులలోని పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్ళెను. ఆ దీవుల నుండి లోకమందలి హామ్‌లతో మాటలాడుట వారి సంకల్పము. డిసెంబరు 26వ తేదీ ఉదయము ఆరున్నర ప్రాంతమున సముద్రగర్భమున మహాభూకంపము కలిగి, సునామీ దీవులపై విరుచుకొనిపడెను. టెలిఫోన్లు మూగవోయెను. వినోదమునకై తెచ్చుకొనిన యంత్రము ఆ క్షణము నుండి దీవులకు నోరయ్యెను. తమ వారి క్షేమము తెలియక తపించుచున్న కుటుంబములకు వారు వార్తలు చేరవేసిరి. సహాయ కార్యక్రమములకు తోడ్పడిరి. లోకమందలి హామ్‌లు తమ సరదా మాటలు మాని, వారి మార్గమును వారికి విడిచి ఊరకుండుటయు ఆ సేవలో భాగమే.

హామ్ విద్య విద్యార్థులకును అందరానిది కాదు. మన దేశములో పండ్రెండేండ్లు నిండినవారు ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణులై అనుమతి పత్రమును పొందవచ్చును. అనుమతి లేక ప్రసారిణిని నడుపుట నేరము. అట్లే 112 సంఖ్యకు పరిహాసముగా ఫోను చేయుటయు గొప్ప దోషము. ఆ ఒక్క నిమిషములో నిజమైన మొర ఒకటి వెనుకబడి పోవచ్చును.

రేడియో సెట్టు మీట చిన్నది. వ్రేలితో నొక్కినంతనే పలుకును. దానిని నొక్కుట ఒక దినములో నేర్వవచ్చును. ఎపుడు నొక్కరాదో తెలిసికొనుటకు మాత్రము శిక్షణము, సంయమము కావలెను. రాత్రియంతయు ఏ పిలుపును రాకున్నను, చెవియొగ్గి మేలుకొని యుండువాడు ఎవరికిని కనబడడు. అయినను నగరము నిశ్చింతగా నిద్రించుట అట్టివాని వలననే.

ప్రశ్నలు

1. గోలకొండ చప్పట్లకును, ఇరువైపుల మాటలాడు రేడియోకును గల భేదమేమి?

2. రిపీటరు అనగానేమి? దానిని ఎత్తైన చోట ఏల నిలుపుదురు? యాంటెన్నా 64 మీటర్ల ఎత్తున నున్నచో దాని చూపు ఎన్ని కిలోమీటర్లు సాగునో లెక్కింపుము.

3. ట్రంకింగ్ పద్ధతిని టికెట్టు కిటికీలతో పోల్చి వివరింపుము.

4. పాఠములోని సంభాషణలో రాయదుర్గము బండిలోని భటుడు చూపిన గుణమేది? టెలిఫోనులో అట్లు జరుగకపోవుటకు కారణమేమి?

5. టైటానిక్ ప్రమాదము వలనను, న్యూయార్కు ప్రమాదము వలనను లోకము నేర్చిన పాఠములు వేరువేరు. వానిని వివరించి వ్రాయుము.